నవంబరు ముసురులో సియాటిల్: పెద్దవాళ్ళతో వెళ్తే ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

పెన్నాతీరం

అందరికీ నమస్కారం. మా అత్తగారు, మామగారు ప్రస్తుతం డాలస్‌లో మా దగ్గర ఉన్నారు. నవంబరు మొదటి వారం దాటాక వాళ్ళను సియాటిల్ తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాము. ఆ నెలలో అక్కడ తెరిపి లేకుండా ముసురు పడుతుందని, అంత ఖర్చు పెట్టుకొని వెళ్ళి హోటల్ గదిలో కూర్చోవలసి వస్తుందని తెలిసినవాళ్ళు భయపెడుతున్నారు. సెలవులు మార్చుకొనే వీలు మాకు లేదు. మామగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. కాలువలు, ఆనకట్టలు, యంత్రాలు అంటే ఎంత దూరమైనా ఉత్సాహంగా నడుస్తారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నందువల్ల మెట్లు, ఎత్తుపల్లాల దారులు కష్టం. ఈ ఇద్దరికీ సరిపోయేలా ఏమేమి చూపించవచ్చో, స్పేస్ నీడిల్ గోపురం టికెట్లు ఇప్పుడే కొనిపెట్టుకోవడం మంచిదో కాదో దయచేసి చెప్పగలరు.

నల్లమల

పెన్నాతీరం గారూ, మీ ప్రయాణం మానుకోవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. ముందుగా ఈ వాన సంగతి చెబుతాను. సియాటిల్‌లో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 39 అంగుళాలు, అంటే దాదాపు 1000 మిల్లీమీటర్లు. ఇది మన విశాఖపట్నం వర్షపాతానికి ఇంచుమించు సమానం, న్యూయార్క్ వర్షపాతం కంటే తక్కువ. అయితే ఆ నీరంతా కుండపోతగా కురిసి వెలిసిపోకుండా, ఏడాదిలో 150కి పైగా రోజుల మీద సన్నని తుంపరగా పరుచుకుంటుంది. నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో ఎక్కువగా పడుతుంది, జూలై, ఆగస్టు నెలలు దాదాపు పొడిగా గడిచిపోతాయి. కాబట్టి మీకు వాన తప్పదు, కానీ అది మనిషిని కదలనివ్వని వాన కాదు.

ఇక్కడ ప్రయాణాన్ని చెడగొట్టేది వాన కంటే మబ్బు. నీటి మట్టాన ఉన్నవి, అంటే ఓడరేవు, ఫెర్రీలు, మార్కెట్, పడవలను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే లాకులు ఏ ముసురులోనైనా చక్కగా కనిపిస్తాయి. ఎత్తు మీది నుంచి చూడవలసినవి మాత్రం మబ్బు దిగిందంటే పూర్తిగా మూసుకుపోతాయి. 14,410 అడుగుల రెయినియర్ పర్వతం నగరానికి ఆగ్నేయంగా అంత భారీగా నిలబడి ఉండి కూడా నవంబరులో రోజుల తరబడి కనిపించకపోవచ్చు. అందువల్ల నా సలహా ఏమిటంటే, కిందివాటికి రోజులు ఖరారు చేసుకోండి, పైవాటిని ఏ రోజుకూ కట్టిపెట్టకండి. పొద్దున లేచి కిటికీలోంచి చూసి, ఆకాశం తెరిపి ఇచ్చిందనుకుంటే అప్పటికప్పుడు టికెట్టు కొనుక్కొని స్పేస్ నీడిల్‌కు వెళ్ళండి. నవంబరు మామూలు రోజుల్లో వేసవిలో ఉన్నంత రద్దీ ఉండదు.

శబరి

నల్లమల గారి సూత్రం బాగుంది కానీ, స్పేస్ నీడిల్ విషయంలో నేను పూర్తిగా ఏకీభవించలేను. మొదటిసారి వచ్చే పెద్దవాళ్ళకు కొండ కనబడకపోయినా ఆ కట్టడమే ఒక వింత. 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన 605 అడుగుల గోపురం అది. 2018లో పునరుద్ధరించినప్పుడు 500 అడుగుల ఎత్తున తిరిగే గాజు నేలను అమర్చారు. ఒక ఇంజనీరు గారికి అది మబ్బు పట్టిన రోజున కూడా చూడదగ్గదే. పైగా అదే ప్రదర్శన కోసం వేసిన మోనోరైలు వెస్ట్‌లేక్ నుంచి సరాసరి దాని దగ్గరికి తీసుకువెళ్తుంది. మైలు కంటే తక్కువ దూరాన్ని రెండు మూడు నిమిషాల్లో దాటేస్తుంది కనుక మోకాళ్ళకు శ్రమ ఉండదు. పక్కనే ఉన్న, చిహూలీ అనే కళాకారుడి గాజు శిల్పాల ప్రదర్శన చాలావరకు కప్పు కిందే ఉంటుంది.

నల్లమల

శబరి గారూ, గాజు నేల గురించి మీరు చెప్పింది నిజమే, కాదనను. కానీ మబ్బు 400 అడుగులకు దిగిన రోజున ఆ గాజులోంచి కింద కనిపించేది తెల్లని పొగ మాత్రమే. పెద్దవాళ్ళు వద్దంటున్నా వినకుండా మనం అంత డబ్బు పెట్టి పైకి తీసుకువెళ్ళాక, ఏమీ కనిపించకపోతే వాళ్ళు మన కోసం బాగుందనే అంటారు. ఆ పరిస్థితి రాకూడదనే నా తాపత్రయం. అనేక ఆకర్షణలకు కలిపి అమ్మే పాసుల విషయంలో కూడా నా అభిప్రాయం ఇదే. అందులో ఉన్నవన్నీ చూసి తీరాలన్న పట్టుదలతో తిరిగితే మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి అది శిక్షే అవుతుంది.

లంకగ్రామం

మామగారు నీటిపారుదల ఇంజనీరు అన్నారు కనుక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఆయనకు మిగతావన్నీ ఒక ఎత్తు, బాలర్డ్ లాకులు ఒక ఎత్తు. అసలు పేరు హైరం చిటెండెన్ లాకులు. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం కట్టి, 1917లో లాంఛనంగా ప్రారంభించి, ఈనాటికీ తానే నడుపుతోంది. ప్రవేశం ఉచితం.

నగరానికి పడమర ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉప్పునీరు, తూర్పున యూనియన్, వాషింగ్టన్ సరస్సుల మంచినీరు ఉంటాయి. సరస్సుల మట్టాన్ని సముద్రం కంటే 20 నుంచి 22 అడుగులు ఎత్తున నిలబెడతారు. పడవను ఈ తేడా దాటించాలి, ఉప్పునీరు సరస్సులోకి ఎగదన్నకుండా చూడాలి. పెద్ద లాకు 825 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు, చిన్నది 150 అడుగుల పొడవు, 28 అడుగుల వెడల్పు. చిన్న లాకు దగ్గర నిలబడితే పని మొత్తం చేతికి అందేంత దగ్గరలో కనిపిస్తుంది. పడవ లోపలికి రాగానే తాళ్ళతో గుంజలకు కట్టుకుంటారు, వెనక తలుపులు కలుసుకుంటాయి, గోడల లోపలి తూముల గుండా సరస్సు నీరు అడుగు నుంచి ఉబికి వస్తుంది. పంపులు ఏవీ లేవు, అంతా పల్లానికి పారే నీటి బలమే. గోడకు ఉన్న తడి పాకుడు గీత నీటిలో మునిగిపోతూ ఉంటే, కొద్దిసేపటి క్రితం మన పాదాల కింద ఎక్కడో ఉన్న పడవ పైకప్పు మన తలకు సమానంగా వస్తుంది. ఎదుటి తలుపులు నీటి ఒత్తిడి రెండు వైపులా సమానం అయ్యేదాకా తెరుచుకోవు. తలుపుల జత ఎగువ వైపుకు కోణంగా ఎందుకు కలుస్తుందో మామగారు మీకు వివరిస్తారు, మీరు అడగండి.

పెద్ద లాకును ఏటా మరమ్మతులకు కొన్నాళ్ళు మూస్తారు. అది తరచుగా ఈ రోజుల్లోనే పడుతుంది. మూసి ఉందని నిరుత్సాహపడవద్దు, చిన్న లాకు నడుస్తూ ఉంటుంది. పెద్దదానిలో నీరు తోడేసి ఉంటే ఆ అడుగు భాగం చూడడం ఇంజనీరుకు దొరకని అవకాశం.

ఈ కాలువ కథలో దుఃఖం కూడా ఉంది, అది కూడా ఆయనకు చెప్పండి. 1916లో కాలువ తవ్వి సరస్సులను కలిపినప్పుడు వాషింగ్టన్ సరస్సు మట్టం దాదాపు 9 అడుగులు పడిపోయింది. దాని నుంచి బయటికి పారే బ్లాక్ నది ఎండిపోయింది. ఆ నది ఒడ్డున తరతరాలుగా చేపల మీద బతికిన డువామిష్ అనే స్థానిక తెగ ప్రజలకు ఆధారం లేకుండా పోయింది.

పెన్నాతీరం

లంకగ్రామం గారూ, మీరు రాసింది చదివి వినిపించగానే మామగారు కుర్చీలోంచి లేచి కాగితం, పెన్ను అడిగారు. లాకులకు ఒక పూట పూర్తిగా కేటాయిస్తాము. అక్కడే సాల్మన్ చేపలు మెట్లు ఎక్కుతాయని విన్నాము, నవంబరులో కనిపిస్తాయా? అలాగే అత్తగారి మోకాళ్ళ దృష్ట్యా పైక్ ప్లేస్ మార్కెట్ గురించి కూడా ఎవరైనా చెప్పండి. అది కొండ వాలు మీద ఉందని అంటున్నారు.

కొల్లేటికొంగ

మార్కెట్ గురించి నేను చెబుతాను. మొదటి అవెన్యూ వైపు, పైక్ వీధి మలుపులో, గడియారం ఉన్న పెద్ద బోర్డు దగ్గర కారు దిగండి. ప్రధాన వసారా అంతా ఒకే మట్టాన, కప్పు కింద ఉంటుంది కనుక అత్తగారు కర్ర సాయంతో కూడా నిదానంగా చూడగలరు. కింది అంతస్తులకు, నీటి ఒడ్డుకు దిగే మెట్ల దారి జోలికి పోకండి, లిఫ్టులు ఉన్నాయి. 2024 అక్టోబరులో మార్కెట్ నుంచి ఒడ్డుకు ఓవర్‌లుక్ వాక్ అనే విశాలమైన నడకదారి తెరిచారు. దానికీ లిఫ్టు ఉంది. దిగితే సరాసరి అక్వేరియం దగ్గర తేలతారు. ఒకప్పుడు మార్కెట్‌కూ నీటికీ మధ్య రెండంతస్తుల వంతెన రహదారి అడ్డుగోడలా ఉండేది. 2001 భూకంపంలో అది దెబ్బతిన్నాక, వాహనాలను సొరంగం దారికి మళ్ళించి 2019లో దాన్ని కూల్చేశారు. పదేళ్ళ క్రితం ఈ నగరం చూసి వెళ్ళినవారు ఇప్పుడు వస్తే ఒడ్డును గుర్తుపట్టలేరు.

ఈ మార్కెట్ పుట్టుక మనవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. 1906, 1907 ప్రాంతంలో దళారుల వల్ల ఉల్లిపాయల ధర పదిరెట్లు పెరిగింది. జనం మండిపడడంతో, రైతులే నేరుగా అమ్ముకొనేలా 1907 ఆగస్టు 17న ఇక్కడ బజారు పెట్టారు. ఆ రోజు బళ్ళు కట్టుకొని వచ్చిన కొద్దిమంది రైతుల సరుకు మధ్యాహ్నం కాకముందే చెల్లిపోయింది. 1960లలో దీన్ని పడగొట్టి కొత్త భవనాలు కట్టాలని చూస్తే, విక్టర్ స్టైన్‌బ్రూక్ అనే వాస్తుశిల్పి ముందుండి పోరాడగా, 1971లో నగర పౌరులు ఓటు వేసి కాపాడుకున్నారు. ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య వెళ్ళండి. చేపల దుకాణంలో ఎవరైనా కొనగానే ముందున్న మనిషి పేరు కేకవేయడం, లోపలివాళ్ళు అందరూ అదే కేకను తిరిగి అనడం, అంత బరువైన చేప గాలిలో ఎగిరి వెనక ఉన్నవాడి చేతిలోని కాగితంలో పడడం ఆ వేళ దగ్గరగా నిలబడి చూడవచ్చు. మధ్యాహ్నం అయితే ముందు వరుసలో చోటు దొరకదు. ఎదురుగా ఉన్న పాత స్టార్‌బక్స్ ముందు వరుసలో నిలబడడం మాత్రం పెద్దవాళ్ళతో వద్దు. లోపల కూర్చోవడానికి కుర్చీలు కూడా ఉండవు.

శబరి

సాల్మన్ ప్రశ్నకు: లాకుల దగ్గరి 21 మెట్ల చేపల నిచ్చెనలో సాకై రకం జూలైలో, చినూక్ ఆగస్టులో, కోహో సెప్టెంబరులో ముమ్మరంగా ఎక్కుతాయి. నవంబరు నాటికి అద్దాల వెనక ఒకటీ అరా కనిపించవచ్చు, ఆశ పెట్టుకోకండి.

లంకగ్రామం

లాకుల దగ్గర కనిపించకపోతేనేమి, నవంబరులో చూడవలసిన చోటు వేరే ఉంది. నగరపు వాయవ్య భాగంలో ఉన్న కార్‌కీక్ పార్కులో పైపర్స్ క్రీక్ అనే చిన్న వాగు ఉంది. చమ్ రకం సాల్మన్లు నవంబరు నడిమికల్లా సముద్రం నుంచి ఆ వాగులోకి వస్తాయి. గోదావరికి వరద నీరు తగలగానే పులస సముద్రం విడిచి ఎదురీదుతూ వచ్చినట్టే ఇవి తాము పెరిగిన వాగు నీటి వాసన పట్టుకొని వస్తాయి. పులస మళ్ళీ సముద్రానికి పోగలదు, ఇవి గుడ్లు పెట్టాక ఇక్కడే ప్రాణం విడుస్తాయి. వాగు మోకాలి లోతు కూడా ఉండదు. చేప వీపు నీటి పైకి తేలి కనిపిస్తుంది, తోక రెక్క రాళ్ళకు రాసుకొని అంచులు తెల్లగా చిరిగి ఉంటుంది. ఆడచేప పక్కకు ఒరిగి తోకతో టపటపా కొట్టి గులకరాళ్ళలో గుంట చేస్తూ ఉంటే, మగచేపలు దాని వెనక ఒకదాన్నొకటి తరుముకుంటాయి.

నగరం పెరగడంతో ఒకప్పుడు ఈ వాగులో సాల్మన్ పూర్తిగా అంతరించిపోయింది. స్థానికులు ఏళ్ళ తరబడి వాగును శుభ్రం చేసి, సుక్వామిష్ తెగవారు తమ హేచరీ నుంచి చేపపిల్లలను ఇవ్వగా మళ్ళీ రప్పించారు. వారాంతాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు గట్టున నిలబడి చేపల గురించి ఓపికగా వివరిస్తారు. కారు నిలిపే చోటి నుంచి నడక కొద్దిగానే ఉంటుంది కానీ, దారి తడి మట్టి, గులకలతో ఉంటుంది కనుక అత్తగారి చెయ్యి పట్టుకొని నడిపించండి. వాన గట్టిగా పడిన మర్నాడు వెళ్తే మరీ మంచిది, వాగులో నీరు పెరిగినప్పుడే చేపలు పైకి వస్తాయి.

వెన్నెలగట్టు

ఎవరూ ఇంకా ఫెర్రీ సంగతి వివరంగా ఎత్తలేదు. నా మటుకు నాకు సియాటిల్‌లో ఒక్కటే చూడాలంటే అదే చూస్తాను. పియర్ 52, అంటే కోల్మన్ డాక్ నుంచి బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపానికి 35 నిమిషాల ప్రయాణం. ఇది యాత్రికుల కోసం పెట్టిన పడవ కాదు, రోజూ ఉద్యోగాలకు వెళ్ళివచ్చేవారు, కార్లు, లారీలు ఎక్కే ప్రభుత్వపు ఓడ. నడిచి ఎక్కేవారికి ద్వీపానికి వెళ్ళేటప్పుడే టికెట్టు, తిరుగు ప్రయాణానికి డబ్బు తీసుకోరు. 65 ఏళ్ళు దాటినవారికి సగం ధర. వెచ్చని లోపలి భాగంలో పెద్ద కిటికీల పక్కన బల్లల దగ్గర కూర్చోవచ్చు. బయట వాన ఎంత పడినా అత్తగారికి ఇబ్బంది ఉండదు. మామగారు కావాలంటే వెనక డెక్ మీదికి వెళ్ళి నగరం దూరమవుతూ ఉంటే చూడవచ్చు. ముందు డెక్ మీద గాలి ఎక్కువ.

ద్వీపంలో దిగాక ఓడరేవుకు దగ్గరలోనే ఉన్న కళా మ్యూజియానికి ప్రవేశం ఉచితం. ఓపిక, కారు రెండూ ఉంటే జపనీయ అమెరికన్ల స్మారకం తప్పక చూడండి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 మార్చి 30న, ఈ ద్వీపం నుంచి 227 మంది జపాను సంతతివారిని సైనికుల కాపలాలో ఫెర్రీ ఎక్కించి నిర్బంధ శిబిరానికి పంపారు. దేశంలో అలా మొట్టమొదట తరలించింది వీరినే. వాళ్ళు నడిచి వెళ్ళిన రేవు దారి పక్కనే దేవదారు చెక్క గోడ మీద పేర్లు చెక్కి ఉన్నాయి. వానలో తడిసిన ఆ చెక్క మీద పేర్లు చదువుతూ నడిస్తే ఈ ఒడ్డు మీద మనకున్న అభిప్రాయమే మారిపోతుంది. విహారయాత్రలో ఇటువంటివి ఎందుకని కొందరు అంటారు. నేను అలా అనుకోను.

పెన్నాతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఎడతెగని వాన పడే రోజు ఒకటి వస్తే పూర్తిగా కప్పు కింద గడపడానికి ఏది మంచిది? అండర్‌గ్రౌండ్ టూర్ గురించి చాలామంది చెప్పారు.

శబరి

అండర్‌గ్రౌండ్ టూర్ అత్తగారికి వద్దు. 1889 జూన్ 6న ఒక వడ్రంగి దుకాణంలో జిగురు కుండ దగ్గర పుట్టిన మంటతో వ్యాపార కేంద్రమంతా తగలబడింది. తిరిగి కట్టేటప్పుడు వీధుల మట్టం ఒక అంతస్తు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ ఎత్తు లేపారు. పాత కాలిబాటలు, దుకాణాల ముఖద్వారాలు నేల కింద ఉండిపోయాయి. వాటి మధ్య నడిపించేదే ఈ టూర్. కథ గొప్పదే కానీ మెట్లు ఎక్కువ, నేల ఎగుడుదిగుడు, గంటకు పైగా నిలబడే ఉండాలి. మామగారు ఒక్కరే వెళ్ళవచ్చు. ఆ సమయంలో అత్తగారితో మీరు దగ్గరలోని క్లోండైక్ బంగారపు వేట మ్యూజియంలో కూర్చోవచ్చు. జాతీయ ఉద్యానవనాల శాఖ నడిపే ఆ మ్యూజియానికి ప్రవేశం ఉచితం. 1897 జూలైలో అలాస్కా వైపు నుంచి బంగారంతో ఓడ వచ్చాక, అక్కడికి పరుగుతీసిన వేలాది మందికి సరుకులు అమ్మి ఈ ఊరు ఎలా నగరమైందో అక్కడ చూపిస్తారు.

రోజంతా అయితే నా ఓటు మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌కే. బోయింగ్ తయారు చేసిన మొట్టమొదటి 747, ఒక కాంకోర్డ్, ఐసెన్‌హోవర్ కాలంలో అధ్యక్షుడి కోసం పెట్టిన జెట్ విమానం అన్నీ పెద్ద కప్పు కింద వరుసగా ఉంటాయి. బోయింగ్ సంస్థ మొదలైన ఎర్ర చెక్క కర్మాగారాన్ని కూడా అక్కడికే తరలించి నిలబెట్టారు. తోపుడు కుర్చీలో తిరగడానికి వీలైన చోటు అది.

నల్లమల

శబరి గారి మాటకు నా పూర్తి మద్దతు. దానికి తోడు నగర కేంద్ర గ్రంథాలయం ఒక గంట చూడండి, ఖర్చు లేదు. వాస్తుశిల్పి రెమ్ కూల్హాస్ బృందం రూపకల్పన చేయగా 2004లో తెరిచిన 11 అంతస్తుల గాజు, ఉక్కు భవనం అది. పుస్తకాల అరలు అంతస్తులుగా తెగిపోకుండా ఒకే ఏటవాలు చుట్టులో, పుస్తకాల వర్గీకరణ సంఖ్యల ప్రకారం సున్నా నుంచి 999 దాకా వరుస తప్పకుండా పైకి సాగుతాయి. లిఫ్టులో పదో అంతస్తుకు వెళ్ళి దిగుతూ వస్తే శ్రమ ఉండదు.

కారు అద్దెకు తీసుకుంటే స్నోక్వాల్మీ జలపాతం కూడా కలుపుకోండి. నగరానికి తూర్పున సుమారు 30 మైళ్ళు. 268 అడుగుల ఆ జలపాతం వేసవిలో సన్నబడుతుంది, నవంబరు వానలకు ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండి దూకుతుంది. ఎగువ వేదిక దగ్గరికి మెట్లు దిగనక్కరలేదు. దాని వెనక బండ లోపల 1899లో మొదలుపెట్టిన భూగర్భ జలవిద్యుత్ కేంద్రం ఉంది. స్నోక్వాల్మీ తెగవారికి అది పవిత్ర స్థలం కనుక నీటి అంచుకు దిగి ఫోటోల కోసం హడావుడి చేయకుండా ఉంటే మంచిది.

వెన్నెలగట్టు

వేళల గురించి ఒక మాట. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కనుక, మీరు వచ్చేసరికి సాయంత్రం 5 గంటల లోపే పొద్దు గుంకుతుంది. లాకులు, వాగు, జలపాతం ఉదయం పూట పెట్టుకోండి. మ్యూజియాలు మధ్యాహ్నానికి, ఫెర్రీ మూడు గంటల ప్రాంతానికి సరిపోతాయి. వెళ్ళేటప్పుడు వెలుతురు ఉంటుంది, వచ్చేటప్పుడు దీపాలు వెలిగిన నగరం ఎదురుగా కనిపిస్తుంది.

కొల్లేటికొంగ

బట్టల గురించి కూడా చెప్పాలి. పగటి వేడి 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాత్రి 5 దగ్గర ఉంటుంది. ఒడ్డున గాలికి గొడుగు నిలవదు, తలకు టోపీ కలిసి ఉన్న వాన కోటు ఇద్దరికీ కొనండి. అత్తగారు చీరతోనే వస్తే కుచ్చిళ్ళు తడవకుండా కాస్త పైకి కట్టుకొని, లోపల వెచ్చని లెగ్గింగ్, అడుగు జారని బూట్లు వేసుకోమనండి. నగరంలో వీధులు నీటి వైపుకు నిటారుగా దిగుతాయి, తడిసిన ఆకుల మీద కాలు జారుతుంది. విమానాశ్రయం నుంచి లైట్ రైలు 3 డాలర్లకే నగరం నడిబొడ్డుకు చేరుస్తుంది, స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి. కాబట్టి లాకులకు, వాగుకు, జలపాతానికి, ద్వీపంలోని స్మారకానికి వెళ్ళే రోజున తప్ప కారు అద్దె అక్కరలేదు. ఇంకొకటి, నవంబరు 11 వెటరన్స్ డే నాడు గ్రంథాలయం మూసి ఉంటుంది, ఆ రోజున మార్కెట్, ఫెర్రీ పెట్టుకోండి.